బొమ్మలతో భాష నేర్పిన కొమేనియస్

పదునేడవ శతాబ్దమున ఐరోపాలో చదువనగా లాటిను చదువే. పండితులు గ్రంథములు రచించుటకును, విశ్వవిద్యాలయములలో పాఠములు వినుటకును ఆ భాషయే ఆధారము. కాని అది ఏ తల్లియు బిడ్డకు ఉగ్గుపాలతో నేర్పిన భాష కాదు. బాలురు అర్థము తెలియని సూత్రములను వల్లించుచు, తప్పినపుడెల్ల బెత్తపు దెబ్బలు తినుచు ఏండ్లు గడపుచుండిరి. వారి కష్టమును తొలగించుటకై బొమ్మను, అచ్చుయంత్రమును తోడు తెచ్చుకొనిన మహనీయుడు జాన్ ఏమోస్ కొమేనియస్.

ఆయన 1592వ సంవత్సరము మార్చి 28వ తేదీన మొరేవియా సీమలో జన్మించెను. ఆ సీమ నేటి చెక్ దేశములోనిది. ఇంచుమించు పండ్రెండేండ్ల ప్రాయముననే ఆయన తల్లిదండ్రులను కోల్పోయెను. ఆలనాపాలన చూచువారు లేక చదువు కుంటుపడెను. పదునారవ యేట గాని లాటిను పాఠశాలలో చేరుటకు వీలు కలుగలేదు. అయితే ఆ ఆలస్యమే మేలయ్యెను. పసివారు మారాడక సహించు బోధనలోని లోపములను వయసు వచ్చిన ఆ విద్యార్థి చక్కగా గుర్తించెను. అటుపిమ్మట జర్మనీలోని హెర్బార్న్, హైడెల్‌బర్గ్ నగరములలో ఉన్నతవిద్య నభ్యసించి, స్వదేశమునకు మరలివచ్చి ఉపాధ్యాయుడుగను, మతగురువుగను పనిచేసెను.

1618లో ఐరోపాలో ముప్పది సంవత్సరముల యుద్ధము ప్రారంభమయ్యెను. 1621లో సైనికులు కొమేనియస్ నివసించుచున్న ఫుల్నెక్ పట్టణమును దోచుకొనిరి. ఆయన ప్రాణములు దక్కించుకొనుటకు అజ్ఞాతవాసము చేయవలసి వచ్చెను. మరుసటి యేట ఆయన భార్యయు, ఇరువురు బిడ్డలును మహామారి వాతబడిరి. 1628లో ఆయన తనవారితో పోలండు దేశమునందలి లెష్నో పట్టణమునకు వలసపోయెను. మరల మాతృభూమిలో నివసించు భాగ్యము ఆయనకు కలుగలేదు.

లెష్నో పాఠశాలలో బోధించుచు ఆయన 1631లో ఒక లాటిను వాచకమును ప్రకటించెను. దాని పేరునకు 'తెరచిన భాషాద్వారము' అని యర్థము. సుమారు 8,000 పదములను 1,000 వాక్యములలో కూర్చి, లోకములోని విషయములను గూర్చి వరుసగా చెప్పుచు భాష నేర్పుట దానిలోని క్రొత్తదనము. ఆ పుస్తకము అనేక భాషలలోనికి అనువదింపబడి ఆయన కీర్తిని ఐరోపా యంతట వ్యాపింపజేసెను. ఇంగ్లండు, స్వీడన్ దేశములవారు తమ విద్యావిధానమును సంస్కరింపుమని ఆయనను ఆహ్వానించిరి.

అయినను ఆయనకు తృప్తి కలుగలేదు. చూడని వస్తువు పేరును ఎన్నిసార్లు వల్లించినను బాలుని మనస్సున అది నిలువదు. పదమును వస్తువును ఒక్కమారే బాలుని చేరవలెనని ఆయన నిశ్చయము. ఓడను గాని, ఏనుగును గాని పాఠశాలకు తెచ్చుట సాధ్యము కాదు. వాని బొమ్మలను మాత్రము తేవచ్చును. 1650లో హంగరీ దేశమునందలి షారోష్‌పటాక్ పాఠశాలకు పోయి, అచట ఆయన బొమ్మల వాచకమును సిద్ధపరచెను. కాని బొమ్మలు చెక్కగల నేర్పరులు ఆ ప్రాంతమున లభింపలేదు. అందుచేత పుస్తకము జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరమున అచ్చు కావలసి వచ్చెను.

ఆ పని ముగియక మునుపే మరియొక విపత్తు సంభవించెను. 1656లో యుద్ధము కారణముగా లెష్నో పట్టణము అగ్నికి ఆహుతియయ్యెను. హంగరీనుండి తిరిగివచ్చి అచటనే యున్న కొమేనియస్ ఇల్లును, గ్రంథములును బూడిదయయ్యెను. నలువది సంవత్సరములకు పైగా శ్రమించి కూర్చిన చెక్ భాషా నిఘంటువు కూడ ఆ మంటలలో నశించెను. అరువది నాలుగేండ్ల వృద్ధుడు కట్టుబట్టలతో బయలుదేరి, తుదకు ఆమ్‌స్టర్‌డామ్ నగరమును చేరెను. అంతటి దుఃఖములోను ఆయన కలము విడువలేదు.

1658లో న్యూరెంబర్గ్ నుండి బొమ్మల వాచకము వెలువడెను. 'చిత్రములలో ప్రపంచము' అని దాని పేరునకు భావము. అందు 150 పాఠములు కలవు. కొయ్యపలకపై గీతలు ఉబ్బెత్తుగా నిలుచునట్లు తక్కిన భాగమును చెక్కివేయుదురు. సీసపు అక్షరములును ఉబ్బెత్తుగనే యుండును. కావున రెంటిని ఒకే చట్రమున బిగించి, సిరా పూసి, ఒక్క పర్యాయమే అచ్చు వేయవచ్చును. ప్రతి పాఠమునకును పైన ఒక బొమ్మ, అందలి ఒక్కొక్క వస్తువుపై ఒక్కొక్క అంకె యుండును. క్రింద లాటిను వాక్యములు, వాని ప్రక్కనే జర్మను వాక్యములు. బొమ్మలోని అంకెయే ఆ వస్తువు పేరు వద్దను కనబడును. బాలుడు కంటితో వస్తువును చూచుచు, తన భాష తోడుగా పరభాషను గ్రహించును. అక్షరములను సైతము ప్రాణుల కూతలతో నేర్పిరి. మొదటి యక్షరమునకు కాకి కూత, రెండవదానికి గొఱ్ఱెపిల్ల అరుపు. రొట్టె కాల్చుట, బట్ట నేయుట, పుస్తకము అచ్చువేయుట మొదలగు వృత్తులును అందు పాఠములైనవి. బాలురు ఆ బొమ్మలను చూచి తామును గీయవలెనని ఆయన కోరెను.

మరుసటి యేటనే లండనులో ఇంగ్లీషు ప్రతి వెలువడెను. అటుపిమ్మట రెండు వందల సంవత్సరముల వరకు అనేక దేశముల బాలురు ఆ పుస్తకమును చదివిరి. జర్మను మహాకవి గోథే బాల్యమున చదివిన పుస్తకములలో అదియు నొకటి.

ధనిక దరిద్ర భేదము లేక, బాలబాలికలందరును విద్య నేర్వవలెనని జీవితాంతము బోధించిన కొమేనియస్ 1670వ సంవత్సరము నవంబరు 15వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్‌లో మరణించెను. ఆయన జన్మదినమును చెక్ దేశమువారు ఉపాధ్యాయ దినోత్సవముగా జరుపుకొనుచున్నారు. నేడు పరభాషల పాఠములు తెరపై కదలు బొమ్మలతోను, వినబడు ధ్వనులతోను సాగుచున్నవి. సాధనములు మారినను, పదమును వస్తువును కలిపి చూపవలెనన్న సూత్రము మారలేదు. స్వదేశమును, ఆలుబిడ్డలను, జీవితకాలపు కృషిని కోల్పోయిన ఆ మహనీయుడు పరుల బిడ్డల చదువును సుఖతరము చేసి ధన్యుడయ్యెను.