నాలుగు బొమ్మలు - ఒక సిద్ధాంత వ్యాసం

వేసవి ముగిసే వేళకు శంషాబాద్ విమానాశ్రయం, పై చదువులకై అమెరికా వెళ్ళే మన పిల్లలతో నిండిపోవడం ఏటేటా చూస్తున్నదే. వారిలో కంప్యూటరు విద్యకు పోయేవారే అధికులు. పసిపిల్లల మనస్తత్వాన్ని పరిశోధింపబోయే విద్యార్థి అరుదు. ఆ చదువువల్ల ఒరిగేదేమని పెద్దలు పెదవి విరుస్తారు. ఆ ప్రశ్నకు మేమీ ఫిప్స్ క్లార్క్ జీవితమే తగిన సమాధానం. ఇరవై రెండేళ్ళు నిండకముందే పట్టంకోసం ఆమె చేపట్టిన పరిశోధన, పదిహేనేండ్ల తరువాత అమెరికా సుప్రీం కోర్టు గడపను తాకినది.

మేమీ 1917లో ఆర్కన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్ పట్టణంలో జన్మించినది. తండ్రి హెరాల్డ్ ఫిప్స్ వెస్టిండీస్ నుండి వచ్చి స్థిరపడిన వైద్యుడు. ఇంట కలిమికి కొదవ లేదు. ఆదరానికి అంతకన్నా లేదు. కాని ఆ రోజులలో అక్కడ తెల్లవారి బడి వేరు, నల్లవారి బడి వేరు. ఏ అంగడిలోకి పోవచ్చునో, ఏ గుమ్మం తొక్కరాదో నల్లజాతి బిడ్డలకు అక్షరాలకంటె ముందే తెలిసేది. డాక్టరుగారి అమ్మాయికైనా అంతే.

1934లో ఉపకారవేతనంతో వాషింగ్టన్ లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి గణితం మొదలుపెట్టినది. ఆడపిల్లలపట్ల ఆ శాఖ అధ్యాపకులు చూపిన ముభావం ఆమె మనసు విరిచినది. మనస్తత్వ శాస్త్రం చదువుతున్న కెన్నెత్ క్లార్క్ ఆమెను తన శాస్త్రంవైపు మళ్ళించినాడు. చదువు ముగియక మునుపే పెద్దలకు తెలియకుండా ఇద్దరూ పెండ్లి చేసుకొన్నారు. 1938లో పట్టభద్రురాలైన పిమ్మట ఆ వేసవిలో, నల్లజాతి హక్కులకై వ్యాజ్యాలు నడిపే హ్యూస్టన్ గారి న్యాయవాద కార్యాలయంలో ఆమె పనిచేసినది. వేరు బడులను కోర్టులో ఎదుర్కోవచ్చునన్న ఆశ ఆమెకు అక్కడనే కలిగినది.

మాస్టర్స్ పట్టానికి ఆమె ఎంచుకొన్న విషయం చూడడానికి చిన్నది: నల్లజాతి శిశువుకు తాను ఫలానా జాతివాడనన్న స్పృహ ఏ వయసున కలుగుతుంది? వాషింగ్టన్ శిశు పాఠశాలలలోని మూడు, నాలుగు, ఐదేండ్ల పిల్లలముందు తెల్ల బాలుని, నల్ల బాలుని రేఖాచిత్రాలు, వాటితోపాటు సింహం, కుక్క, కోడి వంటి బొమ్మలు పరచి, వీటిలో నీవెవరవని అడగడమే పరీక్ష. మూడవ ఏటికీ నాలుగవ ఏటికీ నడుమ ఆ స్పృహ స్పష్టంగా పెరగడం ఆమె గమనించినది. బొమ్మను చూపించిన చిట్టి వేలిలో ఒక సమాజపు చరిత్ర అంతా ఉన్నది.

తరువాత కొలంబియా విశ్వవిద్యాలయం. అక్కడ ఆమె కోరి ఎంచుకొన్న ఆచార్యుడు హెన్రీ గారెట్, నల్లవారి బుద్ధి పుట్టుకతోనే తక్కువని నమ్మినవాడు! వయసుతో మేధాశక్తులలో వచ్చే మార్పులపై ఆయనవద్దనే పరిశోధించి, బిడ్డల తల్లియై కూడ, 1943లో డాక్టరేటు పొందినది. ఆ శాఖలో ఆమెకు ముందు ఆ పట్టం పొందిన నల్లజాతివాడు ఆమె భర్త ఒక్కడే. పట్టమైతే దొరికినది, ఉద్యోగం దొరకలేదు. కొంతకాలం దాదులపై సేకరించిన లెక్కలు సరిచూసే పనితో ఆమె తృప్తిపడవలసి వచ్చినది.

1946లో తండ్రివద్ద 946 డాలర్లు అప్పు తెచ్చి, న్యూయార్కులోని హార్లెంలో ఒక ఇండ్ల సముదాయపు నేలమాళిగలో పిల్లల కేంద్రం తెరచినది. అదే నార్త్‌సైడ్ కేంద్రం. మందబుద్ధులని బడివారు ప్రత్యేక తరగతులకు తోసిన పిల్లలను అక్కడ పరీక్షింపగా, అనేకులు అందుకు తగినవారు కారని తేలినది.

సుప్రసిద్ధమైన బొమ్మల పరీక్ష మేమీ సిద్ధాంత వ్యాసానికి కొనసాగింపే. మూడు నుండి ఏడేండ్ల వయసుగల 253 మంది నల్లజాతి పిల్లలకు నాలుగు బొమ్మలు చూపినారు. రెండు తెల్లనివి, రెండు గోధుమవన్నెవి. రంగు తప్ప భేదం లేదు. ఆడుకొనడానికి నూటికి 67 మంది తెల్లబొమ్మను కోరినారు. చెడ్డగా కనబడే బొమ్మ ఏదంటే 59 మంది గోధుమ బొమ్మను చూపినారు. చివరకు నీవంటి బొమ్మ ఏదని అడిగేసరికి కొందరు ఏడ్చినారు, కొందరు గదిలోనుండి పారిపోయినారు. నల్లగా పుట్టిన బిడ్డను నలుపు నారాయణుడు మెచ్చిన రంగని ఓదార్చే అలవాటు మన ఇండ్లలోనూ ఉన్నది. ఓదార్పు అవసరమైనదంటేనే ఆ బిడ్డకు అప్పటికే ఏదో తెలిసిపోయినదన్నమాట.

ఇందులో ఒక చిక్కు కలదు. తెల్లబొమ్మను కోరినవారు వేరు బడులున్న దక్షిణాదిలో 62 మంది కాగా, కలిసి చదివే ఉత్తరాదిలో 72 మంది! విమర్శకులు దీనిని ఎత్తిచూపినారు. న్యాయమైన ఆక్షేపణే. కాని దీనివల్ల వేరు బడి నిర్దోషియని తేలదు. విషం బడి గోడలకు వెలుపల కూడ ఉన్నదని మాత్రమే తేలుతుంది.

1952లో వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ మండలపు బడుల వ్యాజ్యంలో, వేరు బడులే మేలని సాక్ష్యమిచ్చినవాడు ఆచార్య గారెట్. ఆ సాక్ష్యాన్ని ఖండించడానికి బోనెక్కినది ఆయన శిష్యురాలే. చదువు చెప్పినవానికి ఎదురు నిలవడం ఏ దేశంలోనైనా సులువు కాదు. 1954 మే 17న సుప్రీం కోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురూ ఏకగ్రీవంగా వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినారు. పదకొండవ అథోజ్ఞాపికలో వారు ముందుగా పేర్కొన్న పేరు కెన్నెత్ క్లార్క్ ది. మేమీ పేరు అందులో లేదు. ఆ పరిశోధనకు మూలం తన భార్యదేనని కెన్నెత్ అనంతరం పలుమారులు చెప్పినాడు. అయినా లోకం ఆయన పేరునే ఎక్కువగా గుర్తుంచుకొన్నది.

ఆమె దానికై వాదులాడినట్లు కనరాదు. 1979 వరకు నార్త్‌సైడ్ కేంద్రాన్ని నడిపి విరమించినది. 1983 ఆగస్టు 11న క్యాన్సరు వ్యాధితో కన్నుమూసినది. తండ్రి అప్పుతో తెరచిన ఆ కేంద్రం ఆమె తరువాత కూడ హార్లెం పిల్లలకు తలుపులు తెరచియే ఉంచినది.