చీనా వైద్యుడు సున్ సిమియావ్

చీనాదేశమున, పూర్వపు రాజధానియగు చాంగాన్ నగరమునకు ఉత్తరమున, హువాయువాన్ అను ఊరు ఉండెను. దానిని నేడు యావోజౌ అందురు. సున్ సిమియావ్ జన్మించినది అక్కడనే. ఆయన పుట్టిన సంవత్సరము 581 అని సామాన్యముగా చెప్పుదురు. చిన్నతనమున ఆయన మిక్కిలి రోగిష్ఠి. చలిగాలి సోకిన చాలు, మంచము పట్టెడివాడు. వైద్యుల గడపలు త్రొక్కి త్రొక్కి, కషాయముల వెలకే ఆ యింటి ఆస్తి హరించిపోయెను. ఈ సంగతిని ఆయనయే పెద్దవాడైన పిమ్మట తన గ్రంథపు పీఠికలో వ్రాసికొనెను. బిడ్డ జబ్బు కొఱకు ఒంటిమీది నగలు కుదువబెట్టిన తల్లిదండ్రులు ఈ పత్రిక చదువువారిలోను ఉందురు. వారికి సున్ సిమియావ్ పరదేశివలె తోచడు.

ఏడేండ్ల ప్రాయమున చదువు మొదలుపెట్టి, దినమునకు వేయి అక్షరములకు మించి కంఠస్థము చేసెడివాడట. ఇరువది యేండ్లు వచ్చుసరికి చీనా తత్త్వగ్రంథములను, బౌద్ధగ్రంథములను చక్కగా చర్చింపగలవాడాయెను. ఇట్టివానికి రాజకొలువు దుర్లభము కాదు. సుయి వంశపు చక్రవర్తి పిలువగా, ఒడలు బాగుగా లేదని చెప్పి తప్పించుకొనెను. తరువాత తాంగ్ వంశపు తైజుంగ్ చక్రవర్తి రప్పించి, వయస్సు మీఱినను తగ్గని ఆయన ముఖవర్చస్సును చూచి ఆశ్చర్యపడి, బిరుదమీయబోయెను. అదియు వలదనెను. గావ్‌జుంగ్ చక్రవర్తి కాలమునను అంతే జరిగెను. కొలువు వలదన్నవాడు కొండలలో మూలికలు సేకరించుచు, పల్లెలలో రోగులను చూచుచు, చూచినదంతయు వ్రాయుచు వచ్చెను.

652లో ముగిసిన ఆయన మొదటి మహాగ్రంథము ముప్పది సంపుటములది. దాని పేరునకు వేయి సువర్ణములు వెలచేయు యోగములు అని అర్థము చెప్పవచ్చును. మనుష్యప్రాణము వేయి బంగారు నాణెములకంటె విలువగలది గనుక, దానిని నిలువబెట్టు ఒక్క మందుచీటికి ఇంకెంత విలువ అని ఆయన భావము. ఆ గ్రంథమున ఆయన స్త్రీల రోగములను, శిశువుల రోగములను ముందు పెట్టి, పురుషులను వెనుకకు నెట్టెను. వైద్యుని నడవడినిగూర్చియు ఒక ప్రకరణము వ్రాసెను. రోగి ధనికుడా పేదయా, మిత్రుడా శత్రువా, స్వదేశీయుడా పరదేశీయుడా అని విచారింపక, అందఱిని తనవారివలె చూడవలెననియు, రాత్రియనక, కొండదారియనక, ఆకలిదప్పులనక పోవలెననియు విధించెను. మాటలతో సరిపెట్టెనా అనగా, లేదు. కుష్ఠరోగులను ఆఱువందలమందికి పైగా తాను స్వయముగా దగ్గఱ నుండి చూచుకొనెను. అందులో పదింట ఒకరికి మాత్రమే గుణము కనబడెనని దాపరికము లేక వ్రాసినాడు. ఓటమిని లెక్కవేసి వ్రాయు వైద్యుని మాట నమ్మదగినది.

గుండె విషయమున ఆయన యెఱిగినదేమి? ప్రాచీన చీనావైద్యులు గుండెను దేహమునకు రాజుగా ఎంచిరి. సున్ సిమియావ్ గుండెకొక సంపుటము కేటాయించి, ఱొమ్మునొప్పి, ఎద పట్టివేయుట మున్నగువానికి యోగములు చెప్పెను. నా మట్టుకు, అంతకంటె గొప్పది ఆయన పాదవ్యాధిని గూర్చి వ్రాసినది. మనము బెరిబెరి అనునది అదియే. మొదట కాళ్ళు తిమ్మిరియెక్కి బలహీనమగును. కాళ్ళు వాచవచ్చును, వాచకపోవచ్చును. రోగి దానిని లక్ష్యపెట్టడు. పిమ్మట గుండె దడ, అన్నమును చూచిన వికారము, భుజములెగురవేసెడి ఆయాసము. అంతటితో కొన్ని దినములలో, ఒక్కొక్కప్పుడు క్షణములలోనే, ప్రాణము పోవును. కావున కాలిలో కొద్దిపాటి తేడా కనబడినప్పుడే భయపడి చికిత్స చేయవలెనని హెచ్చరించెను. ఉత్తరదేశమున పూర్వము అరుదైన ఈ రోగము, ఉద్యోగస్థులు దక్షిణమునకు తరలిపోయిన కాలమునుండి ప్రబలెననియు గుర్తించెను.

కారణము మాత్రము ఆయనకు చిక్కలేదు. నేల చెమ్మనుండి పుట్టిన గాలివిషమని తలంచెను. బియ్యపు పైపొరలోను తవుడులోను ఉండు బి1 విటమిను లోపించుటచేత నరములును, గుండెకండరమును బలము తప్పి, ఒడలు నీరుపట్టునని లోకమునకు తెలియుటకు ఇంకను పండ్రెండు వందల యేండ్లు పట్టెను. మన ఉత్తర సర్కారులలో ఈ బెరిబెరి ఒకప్పుడు ప్రసిద్ధము. దానినిగూర్చి మాల్కమ్సన్ అను వైద్యుడు 1835లో చెన్నపట్టణమున ఒక గ్రంథమును ప్రకటించెను. మల్లెపూవువంటి తెల్లని మరబియ్యమే గౌరవమనుకొన్న ఇండ్లకు అది వచ్చెను. దంపుడు బియ్యము, ఉప్పుడు బియ్యము తిన్నవారికి అంతగా రాలేదు.

మందుకంటె ముందు ఆహారమును చక్కబెట్టవలెనని సున్ సిమియావ్ పట్టుదల. మందును ఆయన సైన్యముతో పోల్చెను. సైన్యమును నడిపించిన శత్రువులతోపాటు పంటపొలములును నాశనమగును. అందువలన మొదట భోజనముతో చికిత్స చేసి, అది చాలనప్పుడే మందియ్యవలెను. ఆకలియైన పిమ్మటనే తినుట, కొంచెము కొంచెముగా తినుట, రాత్రి కడుపునిండ తినకుండుట, తిన్న పిమ్మట కడుపు నిమురుకొనుచు కొంతదూరము నడచుట, మితిమీఱి కూర్చుండకుండుట ఆయన నియమములు. మధుమేహమును పోలిన దాహరోగమునుగూర్చి వ్రాయుచు, మద్యము మానుట, ఇంద్రియనిగ్రహము, ఉప్పు పదార్థములును పిండివంటలును తగ్గించుట అను ఈ మూటిని పాటించువాడు మందులేకయే బ్రదుకవచ్చుననియు, పాటింపనివానిని సిద్ధరసములును కాపాడలేవనియు తేల్చెను. మధుమేహము, ఉప్పు, సారాయి గుండెను చెఱచు తీరులు నేటి వైద్యులకు బాగుగా తెలియును. దినమునకు 5 గ్రాములకు లోపలనే ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ లేనిదే ముద్ద దిగని నావంటివానికి అది కష్టమైన లెక్క.

దేహపరిశ్రమ విషయమున ఆయన మనదేశమునుండియు నేర్చుకొనెను. భారతదేశపు బ్రాహ్మణ పద్ధతియని పేర్కొని, పదునెనిమిది అంగసాధనలను తన గ్రంథమున చేర్చినాడు. చేతులు కడుగుకొనునట్లు త్రిప్పుట, విల్లు లాగునట్లు చాచుట, నేలపై చేతులూని పులివలె వెనుకకు చూచుట మొదలగునవి అందులోనివి. వృద్ధుడైనను దినమునకు మూడు మాఱులు చేసిన, నెలకు ఒడలు తేలికపడునని వ్రాసెను.

ఇంత చెప్పినవాడు తాను తప్పు చేయలేదా? 633లో సెచువాన్ ప్రాంతపు నైజియాంగ్ అను ఊర, అధికముగా త్రాగి పండుకొనెను. రాత్రి ఒడలంతయు నొప్పులు. తెల్లవాఱుసరికి తల దిమ్ము, నొసటిపై ఉండవంటి వాపు. మఱునాటికి కన్నులు మూసికొనిపోయి, చావు తప్పినంత పని ఆయెను. అచ్చటి అధికారి ఇప్పించిన మందులు పనిచేయలేదు. తుదకు ఆవజాతి మొక్క ఆకులు నూఱి తానే వైద్యము చేసికొనెను. త్రాగిన సంగతిని దాచక, తేదీతో సహా గ్రంథమున కెక్కించెను.

ధనికులు బలము కొఱకు సేవించెడి ఐదు ఖనిజముల చూర్ణము ఎందఱి ప్రాణములనో తీసెనని చూచి, ఆ యోగము వ్రాసిన కాగితము కంటబడిన వెంటనే తగులబెట్టుడని చెప్పినవాడును ఆయనయే. అయినను రసవాదమును తాను పూర్తిగా విడువలేదు. ఆయన యోగములలో వత్సనాభియు కలదు. అది మోతాదు మించిన గుండె నడకనే తప్పించును. చీనా మూలికలలో ప్రసిద్ధమైన దాన్‌షెన్ వేరు, రక్తము గడ్డకట్టకుండ ఇచ్చెడి వార్ఫరిన్‌తో కలిసిన, రక్తస్రావమును కలిగించును. గుండెజబ్బు గలవారు పాతగ్రంథమును చూచి తామే మందులు నూఱుకొనుట ప్రమాదము.

673 ప్రాంతమున, చాంగాన్‌లో ఆయన నివసించు భవనముననే లు జావోలిన్ అను కవి రోగియై చేరెను. అంగములు పట్టుతప్పుచున్న ఆ యువకుడు వైద్యమర్మములను అడుగగా, వృద్ధుడు ఓపికతో బోధించెను. వైద్యునకు సాహసము పెద్దదిగాను, హృదయము జాగరూకమై చిన్నదిగాను ఉండవలెనని చెప్పినది అప్పుడే. ఆ కవి రోగము నయము కాలేదు. కొన్నియేండ్లకు అతడు నదిలో పడి ప్రాణము విడిచెను. గురువునకు కీర్తి తెచ్చిన చికిత్సలలో ఇది లేదు. అయినను గురువును ఎఱిగినవాని మాటగా మనకు మిగిలినది ఆ రోగి వ్రాసినదే.

674లో రోగినని మనవి చేసికొని, చక్రవర్తియిచ్చిన గుఱ్ఱమెక్కి సున్ సిమియావ్ కొండలకు మరలిపోయెను. మొదటి గ్రంథమునకు అనుబంధముగా మఱి ముప్పది సంపుటములు వ్రాసి, 682లో మరణించెను. సమాధి నిరాడంబరముగా ఉండవలెననియు, అందులో వస్తువులేవియు పెట్టరాదనియు, తన పేర జంతువును బలియియ్యరాదనియు ముందే చెప్పియుంచెను.