కిటికీ కోసం 500 పౌండ్లు

సినిమాలో పసిబిడ్డ చనిపోయే సీను నాలుగు నిమిషాల్లో ముగుస్తుంది. దర్శకుడు కట్ చెప్పగానే లైట్లు ఆరిపోతాయి, పడుకున్న పిల్లవాడు లేచి అమ్మ చేయి పట్టుకుని ఇంటికెళ్లిపోతాడు. ఆ సినిమాలు తయారయ్యే ఫిలింనగర్, జూబ్లీహిల్స్‌లకు దగ్గర్లోనే మన మధురానగర్ ఉంది. ఇక్కడి ఏ అద్దె ఇంటి తలుపు వెనకో ఆ సీను నిజంగా వస్తే అది నాలుగు నిమిషాల్లో ముగియదు. నెలల తరబడి సాగుతుంది. కట్ చెప్పేవాళ్లుండరు.

అలాంటి ఇంటికి సంఘం నుంచి మనం వెళ్తాం. ఒకరు మీ విశ్వాసం ఇంకా బలపడాలంటారు. మరొకరు దేవుడు ఇష్టమైన పువ్వునే ముందు కోసుకుంటాడంటారు. ఇంకొకరు తెలిసిన నాటువైద్యుడి ఫోన్ నంబరిస్తారు. ఏమీ తోచనివాళ్లు గొంతెత్తి ప్రార్థన చేసి, ముగించగానే చెప్పులు వేసుకుని బయటపడతారు. ఈ నాలుగో రకంలో మేమూ ఉన్నాం. గుమ్మం దాటాక ఊపిరి పీల్చుకున్నాం. ఆ తల్లి మాత్రం లోపలే ఉండిపోయింది. మనకు ప్రేమ లేక కాదు, ఆ గదిలో ఎలా కూర్చోవాలో మనకెవరూ నేర్పలేదు. ప్రేమకు కూడా శిక్షణ కావాలా? కావాలని తన జీవితమంతా ధారపోసి నిరూపించిన ఒక విశ్వాసి కథ ఇది. ఆమె పేరు సిసిలీ సాండర్స్. ఆమె కన్నుమూసి ఇరవయ్యేళ్లు దాటింది.

సిసిలీ 1918 జూన్ 22న లండన్ ఉత్తర శివార్లలోని బార్నెట్‌లో, కలిగిన కుటుంబంలో పుట్టింది. ఇంట్లో డబ్బుంది గాని తల్లిదండ్రుల మధ్య సఖ్యత లేదు. బాగా పొడగరి కావడం, దానికి తోడు బిడియం వల్ల బడిలో ఒంటరిగానే మిగిలింది. 1938లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకు చేరింది. మరుసటి ఏడాదే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. గాయపడినవాళ్లతో ఆస్పత్రులు నిండిపోతుంటే తాను పుస్తకాలు పట్టుకుని కూర్చోవడం ఆమె మనసుకు నచ్చలేదు. 1940లో ఆక్స్‌ఫర్డ్ వదిలి లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో, ఫ్లోరెన్స్ నైటింగేల్ స్థాపించిన నర్సింగ్ స్కూల్లో చేరింది. జీవితంలో మొదటిసారి తన చోటు తనకు దొరికిందనుకుంది.

ఆ ఆనందం నాలుగేళ్లే నిలిచింది. వెన్నునొప్పి ముదిరి, రోగులను లేపి కూర్చోబెట్టే పని ఇక చేయకూడదని వైద్యులు తేల్చేశారు. ఇష్టమైన పని పోయింది. అయినా ఆమె రోగులను వదల్లేదు. ఆక్స్‌ఫర్డ్‌కు తిరిగి వెళ్లి చదువు పూర్తి చేసి, ఆస్పత్రుల్లో రోగుల కుటుంబ సమస్యలు చూసే సాంఘిక సేవకురాలిగా శిక్షణ పొందింది. ఆ రోజుల్లోనే, 1945లో, కొందరు క్రైస్తవ స్నేహితులతో సెలవులకు కార్న్‌వాల్ తీరానికి వెళ్లినప్పుడు ప్రభువుకు తన హృదయాన్నిచ్చింది. తల్లిదండ్రులు విడిపోయిన సంవత్సరం కూడా అదే. రక్షణ పొందిన రోజు నుంచే, దేవుడు తనను ఏ పనికి పిలుస్తున్నాడని ఆమె అడుగుతూ వచ్చింది. జవాబు రావడానికి మూడేళ్లు పట్టింది.

ఆ జవాబు ఒక రోగి మంచం పక్కన దొరికింది. డేవిడ్ టాస్మా పోలండ్‌లోని వార్సా నుంచి వచ్చిన యూదుడు, హోటల్లో సర్వర్‌గా పనిచేసేవాడు. నలభై ఏళ్లకే నయం కాని క్యాన్సర్. లండన్‌లో నా అన్నవాళ్లు లేరు. తాను బతికిన గుర్తేదీ ఈ లోకంలో మిగలదన్న దిగులు అతన్ని నొప్పికన్నా ఎక్కువగా తినేస్తోంది. సిసిలీ వీలైనప్పుడల్లా వెళ్లి పక్కన కూర్చునేది. ఎక్కువగా వినేది. కిక్కిరిసిన ఆ వార్డులో కాక, చనిపోయేవాళ్లు నొప్పి లేకుండా, ఒంటరితనం లేకుండా ఉండే ఇల్లొకటి ఉంటే ఎలా ఉంటుందో ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు. 1948 ఫిబ్రవరిలో అతడు చనిపోయాడు. తన దగ్గరున్న 500 పౌండ్లు సిసిలీకి రాసిపోయాడు. ఆమె కట్టబోయే ఇంట్లో ఒక కిటికీ కోసం! అప్పటికి ఇల్లు లేదు, స్థలం లేదు, చేతిలో మరో పౌను లేదు. ఉన్నదల్లా ఒక కిటికీ.

ఆ తర్వాత ఆమె చనిపోతున్న పేదల కోసం నడిచే సెయింట్ లూక్స్ అనే ఆశ్రమంలో సాయంత్రాలు స్వచ్ఛందంగా సేవ చేసింది. అక్కడ ఒక విషయం గమనించింది. మామూలు ఆస్పత్రుల్లో రోగి నొప్పితో కేక వేశాకే మందిచ్చేవారు. ఇక్కడ మాత్రం నొప్పి రాకముందే, గడియారం చూసి, వేళకు మార్ఫిన్ నోటి ద్వారా ఇస్తున్నారు. రోగులు మత్తులో పడి లేరు, మాట్లాడుతున్నారు, నవ్వుతున్నారు. ఈ సంగతి వైద్యలోకానికి చెప్పాలనుకుంది. కాని నర్సు మాట వైద్యులు వింటారా? వినరనీ, చెప్పాలంటే ముందు డాక్టర్ కావాలనీ ఒక సర్జన్ సలహా ఇచ్చాడు. అప్పటికి ఆమె వయసు ముప్ఫై మూడు. 1951లో తనకన్నా చాలా చిన్నవాళ్ల మధ్య మొదటి సంవత్సరం వైద్య విద్యార్థిగా కూర్చుంది. 1957లో డాక్టరయింది.

గమనించారా? నర్సు, సాంఘిక సేవకురాలు, డాక్టరు. ఒకే పిలుపు కోసం మూడుసార్లు బడికెళ్లింది! దేవుడు పిలిచాడు కాబట్టి ఇక నేర్చుకునేదేముందని అనుకోలేదు. పిలిచాడు కాబట్టే నేర్చుకోవాలనుకుంది.

1958 నుంచి తూర్పు లండన్‌లో క్యాథలిక్ సిస్టర్లు నడిపే సెయింట్ జోసెఫ్స్ హాస్పిస్‌లో పనిచేసింది. వెయ్యిమందికి పైగా రోగుల వివరాలు ఓపిగ్గా రాసిపెట్టి, నొప్పికి వేళతప్పకుండా మందిస్తే రోగి బానిస కాడని చూపించింది. నొప్పి ఒంటికి మాత్రమే కాదనీ, మనసుకు, కుటుంబానికి, ఆత్మకు కూడా ఉంటుందనీ, వాటన్నిటినీ కలిపి చూడకపోతే వైద్యం సగమేననీ ఆమె బోధించింది. ఆ నాలుగు నొప్పులనూ ఆమె తన ఇంట్లోనే చవిచూసింది. 1960, 61 సంవత్సరాల్లో తాను ఎంతో ప్రేమించిన ఒక రోగి, ఒక ఆప్తురాలు, కన్నతండ్రి వరుసగా చనిపోయారు. విశ్వాసులకు దుఃఖం ఉండదని ఆమె నటించలేదు. చాలాకాలం ఏడ్చింది. ఏడుస్తూనే స్థలం కోసం, విరాళాల కోసం తిరిగింది.

డేవిడ్ చనిపోయిన 19 ఏళ్లకు, 1967లో, ఆగ్నేయ లండన్‌లోని సిడెన్‌హామ్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరుచుకుంది. డేవిడ్ కిటికీ దానిలో ఉంది. దీన్ని ఇవాంజెలికల్ విశ్వాసుల సంస్థగానే ఉంచాలా అని మొదట్లో ఆమె మిత్రులతో చాలా తర్జనభర్జన పడింది. చివరికి అన్ని మతాలవారికీ, ఏ నమ్మకమూ లేనివారికీ తలుపు తెరిచింది. అక్కడ ప్రార్థన ఉంది, బలవంతం లేదు. చావు అంచున ఉన్నవాడి భయాన్ని మతానికి వాడుకోకూడదన్నది ఆమె పట్టుదల. అది వైద్యశాలే కాదు, బడి కూడా. మొదటినుంచీ వైద్యం, పరిశోధన, శిక్షణ మూడూ ఒకే కప్పు కింద నడిచాయి. 1969లో నర్సులు రోగుల ఇళ్లకే వెళ్లడం మొదలైంది. అక్కడ నేర్చుకున్నవాళ్లు ఎన్నో దేశాలకు ఆ దీపాన్ని తీసుకెళ్లారు. 2005 జూలై 14న, 87 ఏళ్ల వయసులో, రొమ్ము క్యాన్సర్‌తో సిసిలీ కన్నుమూసింది, తాను కట్టిన ఇంట్లోనే.

ఆమె పని ఎక్కువగా పెద్దవాళ్ల మధ్య సాగింది. పిల్లల సంగతో? ఇంగ్లండులోనే ఆంగ్లికన్ సన్యాసిని, నర్సు అయిన సిస్టర్ ఫ్రాన్సెస్ డొమినికా, హెలెన్ అనే జబ్బుపడిన పసిపాప కుటుంబానికి స్నేహితురాలై, 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో పిల్లల కోసమే హెలెన్ హౌస్ తెరిచింది. లోకంలో పిల్లల హాస్పిస్‌లకు అది మొదలు. ఇప్పుడు కొన్ని దేశాల్లో, చనిపోతున్న పిల్లలకు, వారి కుటుంబాలకు తోడుండడానికి మామూలు మనుషులకు కూడా శిక్షణ ఇస్తున్నారు. అలా నేర్చుకున్నవారిని డౌలా అంటారు. మొదట ఇది కాన్పు సమయంలో తల్లి పక్కన ఉండే స్త్రీకి వాడిన పేరు. గ్రీకులో ఆ మాటకు దాసురాలని అర్థం. గబ్రియేలు దూత ముందు మరియ తనను గూర్చి చెప్పుకున్న మాట కూడా అదే (లూకా 1:38). బిడ్డ లోకంలోకి వచ్చేటప్పుడు తోడుండే దాసురాలు, బిడ్డ వెళ్లిపోయేటప్పుడు కూడా తోడుంటుందన్నమాట.

డౌలా మందులివ్వదు, అది వైద్యుల పని. బిడ్డ అడిగే ప్రశ్నలను దాటవేయకుండా వినడం నేర్చుకుంటుంది. తమకేమవుతోందో పిల్లలకు మనం అనుకునేదానికన్నా ముందే తెలుస్తుంది. అమ్మానాన్నలు బాధపడతారని వాళ్లు అడగకుండా దాచుకుంటారు. అందరూ మరచిపోయే అన్నకో చెల్లికో, వాళ్ల వయసుకు తగ్గట్టు నిజం చెప్పడానికి తల్లిదండ్రులకు సాయపడాలి. రాత్రి తల్లి రెండు గంటలు నిద్రపోయేలా తాను మేలుకోవాలి. చిన్న చేతి ముద్రను కాగితం మీద తీసి దాచిపెట్టాలి. సమాధి కార్యక్రమం అయ్యాక, జనం పలచబడ్డాక, మళ్లీ వెళ్లాలి. ఇవన్నీ చేస్తూ తన దుఃఖాన్ని ఎక్కడ దించుకోవాలో కూడా నేర్చుకోవాలి. ఇందులో ఏదీ గొప్ప విద్య కాదు. కాని నేర్పకుండా ఏదీ రాదు.

ఇది ఎక్కడో ఇంగ్లండు సంగతని సరిపెట్టుకోలేం. మన హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి తెలుగు జిల్లాలన్నిటి నుంచీ పిల్లలను తీసుకొస్తారు. అక్కడ డాక్టర్ గాయత్రి పలాట్ వంటివారి కృషితో పిల్లలకు కూడా ఉపశమన వైద్యం అందుతోంది, వైద్యులకు, నర్సులకు శిక్షణ జరుగుతోంది. 2011లో బంజారాహిల్స్‌లో స్పర్శ్ హాస్పిస్ మొదలైంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఆస్పత్రుల్లో మార్ఫిన్ దొరకడమే కష్టమైన దేశం మనది. 2014లో సవరణ చేశాక దారి కొంత సుళువైంది. మందు దొరుకుతోంది, వైద్యులు నేర్చుకుంటున్నారు. ఇక మిగిలింది పక్కన కూర్చునే మనిషి. ఆ మనిషిని పంపాల్సింది సంఘం కాదా?

ఇక్కడ కొందరు విశ్వాసులకు ఒక సందేహం వస్తుంది. చనిపోతున్న బిడ్డకు తోడుండడం నేర్చుకోవడమంటే స్వస్థత మీద నమ్మకం వదులుకోవడమేగా అని. కాదు. నొప్పి తగ్గించే సేవ రోగం తెలిసిన రోజు నుంచే, వైద్యంతో పాటే మొదలవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. స్వస్థత కోసం ప్రార్థన చేస్తూనే బిడ్డ కాళ్లు ఒత్తవచ్చు. స్వస్థపరిచే అధికారం దేవునిది. ఆ రాత్రి మెలకువగా ఉండడం మాత్రం మన బాధ్యత. స్వస్థత రానప్పుడు ఆ నేరం తల్లిదండ్రుల విశ్వాసం మీద మోపే అధికారం మనకెవరిచ్చారు?

యాయీరు ఇంట్లో ప్రభువు ఏం చేశాడో చూడండి (మార్కు 5:37-43). అల్లరి చేసేవాళ్లను బయటికి పంపేశాడు. తల్లినీ తండ్రినీ బయటికి పంపలేదు, లోపలికి తీసుకెళ్లాడు. ముగ్గురు శిష్యులను వెంట ఉంచుకున్నాడు. మనకది శిక్షణలాగే కనిపిస్తుంది. చివరికి ఆ పిల్లకు తినడానికేమైనా పెట్టమన్నాడు. అద్భుతం చేసిన ఆయనకు అన్నం సంగతి గుర్తుంది! అదే ముగ్గురిని గెత్సేమనేలో తన వేదన వేళ మెలకువగా ఉండమని కోరాడు (మత్తయి 26:37-40). నా నొప్పి తీసేయండని అడగలేదు, పక్కన ఉండమన్నాడు. వాళ్లు నిద్రపోయారు. సిసిలీ తన సేవకంతటికీ పునాదిగా తీసుకున్నది ఈ గెత్సేమనే వాక్యభాగాన్నే. యోబు స్నేహితులు కూడా ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతసేపూ మంచి స్నేహితులే (యోబు 2:13). నోరు తెరిచాకే చెడ్డారు.

మన సంఘాల్లో పాటలు నేర్పడానికి శిక్షణ ఉంది, సండేస్కూలు టీచర్లకు ఉంది, చివరికి మైకు సరిచేసేవాళ్లకూ ఉంది. దుఃఖం ఉన్న ఇంట్లో ఎలా కూర్చోవాలో మాత్రం లేదు. సంఘానికి ఇద్దరు చాలు. నేర్చుకోవడానికి సిద్ధపడే ఇద్దరిని ఎన్నుకుని, ఉపశమన వైద్యం తెలిసినవాళ్ల దగ్గరికి పంపిద్దాం. ఖర్చు సంఘం భరించాలి. అలాంటి ఇంటికి ఈ వారమే వెళ్లాల్సి వస్తే, ఆలోగా మనం చేయగలిగింది ఒకటుంది. ఉచిత సలహాలు గుమ్మం బయటే చెప్పులతో పాటు విడిచి, ఒక టిఫిన్ క్యారియర్ పట్టుకుని లోపలికెళ్లి, కాసేపు ఊరకే కూర్చోవడం. ఇల్లే లేనప్పుడు ఒక మనిషి కిటికీ కోసం డబ్బిచ్చిపోయాడు. మన చేతిలో ఉన్నది కూడా కిటికీ అంతే కావచ్చు. దాన్నిద్దాం, ఇల్లు ప్రభువు కడతాడు. అందుకు ఆయన మనకు కృపనిచ్చును గాక. ఆమేన్.