విజ్జీ: ఆటతో కాదు.. హోదాతో టీమిండియా కెప్టెన్ అయిన విజయనగరం రాజకుమారుడు!

పెద్ద పెద్ద మారథాన్‌లు, ఐరన్‌మ్యాన్ రేసుల్లో సెలబ్రిటీలకు స్పెషల్ ఎంట్రీలు ఇవ్వాలా వద్దా అన్న చర్చ ఇప్పటిది. కానీ 90 ఏళ్ల కిందటే మన విజయనగరం రాజకుమారుడు ఒకరు ఏకంగా భారత టెస్ట్ జట్టు కెప్టెన్సీనే అలా అందుకున్నారు. ఆయనే విజ్జీ. అసలు పేరు పూసపాటి విజయ ఆనంద గజపతిరాజు.

1905లో పుట్టారు. రెండో కొడుకు కావడంతో గద్దె అన్నకి దక్కింది. ఈయన కాశీలోని కుటుంబ ఎస్టేట్‌కి వెళ్లిపోయారు. అక్కడ ప్యాలెస్‌లోనే గ్రౌండ్ కట్టించి సొంత టీమ్ పెట్టారు. 1930-31లో ఇంగ్లండ్ దిగ్గజాలు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించి ఇండియా, సిలోన్ అంతా ఆడించారు. ముస్తాక్ అలీ లాంటి కుర్రాళ్లకు వాళ్ల పక్కన ఆడే ఛాన్స్ దొరికింది. ఇది మాత్రం మామూలు విషయం కాదు. విజ్జీని తిట్టేవాళ్లు సాధారణంగా దీన్ని వదిలేస్తారు.

ఇక 1936 ఇంగ్లండ్ టూర్. పటౌడీ నవాబు తప్పుకోవడంతో కెప్టెన్ రేసులో సీకే నాయుడు, విజ్జీ మిగిలారు. ఆటలో ఇద్దరికీ పోలికే లేదు. అయినా పలుకుబడి గెలిచింది.

ఆ తర్వాతే అసలు గొడవ. భారత్ తరఫున తొలి టెస్ట్ సెంచరీ కొట్టిన లాలా అమర్‌నాథ్ ఆ టూర్‌లో మంచి ఫామ్‌లో ఉన్నారు. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్‌లో ఆయన ప్యాడ్లు కట్టుకుని కూర్చుంటే, ఒకరి తర్వాత ఒకరిని ముందు పంపించారు. డ్రెస్సింగ్ రూమ్‌కి వచ్చి కోపం చూపించారు అమర్‌నాథ్. అంతే.. తొలి టెస్ట్ కూడా ఆడకుండానే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. ఆయన మళ్లీ టెస్ట్ ఆడింది 1946లో! పదేళ్లు. మధ్యలో యుద్ధం వచ్చిందనుకోండి, అయినా ఆ మూడు టెస్టులు మాత్రం తిరిగి రావు కదా.

కెప్టెన్ గారి లెక్క? 3 టెస్టుల్లో 33 పరుగులు. సగటు 8.25. ముస్తాక్ అలీ, మర్చంట్ సెంచరీలతో మాంచెస్టర్ టెస్ట్ డ్రా అయింది. మిగతా రెండూ ఓటమే. విజ్జీకి మాత్రం ఆ టూర్‌లోనే సర్ బిరుదు వచ్చేసింది. 1937లో బ్యూమాంట్ కమిటీ అమర్‌నాథ్‌ది తప్పు కాదని తేల్చింది. ఫీల్డింగ్ పెట్టడం, బౌలర్లను మార్చడం విజ్జీకి తెలియదని కూడా రాసింది.

వేల మంది పరిగెత్తే రేసులో ఒక సెలబ్రిటీ ఎక్కువైతే వెనకాల ఎక్కడో పరిగెడతాడు, పెద్దగా నష్టం లేదు. క్రికెట్ టీమ్‌లో ఉండేవి పదకొండు చోట్లే. ఒకరు ఊరికే దూరితే ఇంకొకరు బయటికి పోవాల్సిందే.

ఆ తర్వాత విజ్జీ టెస్టులు ఆడలేదు. క్రికెట్‌ని మాత్రం వదల్లేదు. 1954 నుంచి బీసీసీఐ అధ్యక్షుడు, రేడియో కామెంటేటర్, 1960లో విశాఖపట్నం ఎంపీ. 1965 డిసెంబర్ 2న కాశీలోనే కన్నుమూశారు. ఆయన పేరుతో విజయనగరంలో స్టేడియం ఉంది, యూనివర్సిటీ కుర్రాళ్లకు విజ్జీ ట్రోఫీ ఉంది. ఆ ట్రోఫీలో జోన్ జట్టుకి ఆడాలంటే మాత్రం ఆడి చూపించి సెలెక్ట్ అవ్వాల్సిందే.