కొండవారి మాట నేర్చిన గురువు



పెంతెకొస్తు దినమున కూడివచ్చినవారు ఎవరి భాషలో వారు దేవుని కార్యములను వినిరని అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయములో చదువుచున్నాము. దేవునికి చిన్న భాష లేదు. సముద్ర ద్వీపములలో కొలదిమంది మాటలాడు భాషలను మిషనెరీలు నేర్చిన సంగతి మీరు వినియున్నారు. మన కొండలలోనే అట్టి పని చేసిన ఒకరి జీవితమును ఈ నెల మీ ముందుంచుచున్నాము.

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగము దగ్గర పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. ఆ ప్రాంతపు కొండలలో సవరలు నివసింతురు. పోడు నరికి జొన్నలు, కందులు పండింతురు. వాలులో రాళ్లు పేర్చి మళ్లు కట్టి వరి నాటుదురు. జీలుగు కల్లు గీతురు. చనిపోయినవారి పేరట రాళ్లు నిలుపుదురు. వారి భాష ముండా కుటుంబమునకు చెందినది. తెలుగుతో దానికి చుట్టరికము లేదు. వాక్యమంత భావము ఒక్క మాటలో ఇమిడిపోవును. అయితే ఆ కాలమున దానికి వ్రాత లేకుండెను. సంతకు దిగిన సవర, షావుకారు చెప్పిన లెక్కనే నమ్మవలసివచ్చెడిది.

పంతులుగారు జాలిపడి ఊరకుండలేదు. సవర మాట తెలిసిన మనిషిని ఇంట ఉంచుకొని నేర్చుకొనిరి. వారి పాటలను, కథలను వ్రాసికొనిరి. వాచకములు కూర్చి, స్వంత సొమ్ముతో బడులు పెట్టి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించిరి. ప్రభుత్వము బహుమానమీయబోగా, ఆ సొమ్ముతో వారికి బడి పెట్టుడని కోరిరి. మన్యపు జ్వరమునకు క్వినైను పుచ్చుకొనగా చెవుడు వచ్చెను. మాటల ధ్వనులను వినుటయే పనియైనవారికి ఇది ఎంత నష్టము! అయినను పని విడువలేదు. 1931లో సవర వ్యాకరణము, 1938లో నిఘంటువు వెలువడెను. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా రాజమహేంద్రవరము వచ్చిరి. 1940 జనవరి 22న కన్నుమూసిరి. ఆయన జన్మదినమునే నేడు తెలుగు భాషా దినముగా జరుపుచున్నారు.

ఆయన మన సంఘస్థులు కారు. అయినను పొరుగువాడెవడో నేర్పుటకు ప్రభువు సమరయుని చూపెను గదా! సవరలలో నేడు క్రైస్తవ సంఘములున్నవి. తమ భాషలో దేవుని వాక్యమున్నది.

మన సంఘములకు కోయలు, లంబాడీలు వచ్చుచున్నారు. మన బిడ్డలు బ్రతుకుతెరువుకై చేరు మన్సూరాబాదు వంటి పేటలలోను పలు భాషలవారు కూడుచున్నారు. వారి తెలుగు విని నవ్వకుడి. ఈ నెల వారి మాటలో కుశలమడుగుట నేర్చుకొనుడి. వారిలో ఒకరిని తమ భాషలోనే ప్రార్థింపనిండు. మనకు తెలియకున్నను, తండ్రికి తెలియును.