రామదండుతో యువతకు క్రమశిక్షణ నేర్పిన దుగ్గిరాల.. ఆంధ్రరత్న పుట్టింది కోదాడకు దగ్గర్లోనే!

జాతరలో క్యూ లైన్ దగ్గర తోపులాట మొదలైతే ముందుగా అక్కడికి పరిగెత్తేది మెడలో స్కార్ఫ్ కట్టుకున్న స్కౌట్ పిల్లలే. పెద్దవూర, మిర్యాలగూడ, కోదాడ వైపు వాళ్లకు ఇది అలవాటైన సీనే. ముసలివాళ్లకు చెయ్యి అందించడం, మంచినీళ్లు ఇవ్వడం, తప్పిపోయిన పిల్లల్ని తల్లిదండ్రులకు అప్పగించడం.. అన్నీ వాళ్లే చూసుకుంటారు. వందేళ్ల కిందట బెజవాడలో ఇంతకంటే పెద్ద జనసముద్రాన్ని అదుపు చేసిన ఓ తెలుగు దళం ఉంది. దాని పేరు రామదండు. దాన్ని తయారు చేసిన నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

ఆయన పుట్టింది 1889 జూన్ 2న, పెనుగంచిప్రోలులో. కోదాడ నుంచి విజయవాడ హైవే ఎక్కి జగ్గయ్యపేట దాటాక పక్కకు తిరిగితే వచ్చే ఊరే అది. తిరుపతమ్మ తల్లి గుడికి మన వైపు నుంచి ఏటా ఎంతోమంది వెళ్లొస్తుంటారు. ఆ ఊళ్లోనే గోపాలకృష్ణయ్య పుట్టారన్న సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు.

పుట్టిన మూడో రోజే తల్లి పోయింది. మూడేళ్లకు తండ్రి కూడా దూరమయ్యారు. బంధువుల ఇళ్లలో పెరిగి, కూచినపూడి, గుంటూరుల్లో చదువుకున్నారు. బాపట్ల తాలూకా ఆఫీసులో ఏడాది ఉద్యోగం చేశారు. ఆ తర్వాత 1911లో స్నేహితుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లాండ్ వెళ్లి ఎడిన్‌బరో యూనివర్సిటీలో ఎంఏ చదివారు. కళల మీద కూడా ఆయనకు ప్రాణం. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. 1917లో ఆ పుస్తకం హార్వర్డ్ నుంచి వచ్చింది.

తిరిగొచ్చాక రాజమండ్రి, బందరుల్లో పాఠాలు చెప్పారు కానీ పై అధికారులతో పొసగలేదు. ఉద్యోగం వదిలేసి చీరాల చేరారు.

అప్పటికే స్కౌటింగ్ దేశంలోకి వచ్చేసింది. బేడెన్ పావెల్ 1907లో బ్రౌన్‌సీ దీవిలో 20 మంది పిల్లలతో తొలి క్యాంపు పెట్టారు. మన దేశంలో మొదట్లో అది ఎక్కువగా తెల్లవాళ్ల పిల్లలకే. అందుకే అనీబిసెంట్ మద్రాసులో భారతీయ పిల్లల కోసం వేరే సంఘం పెట్టాల్సి వచ్చింది. మదన్ మోహన్ మాలవీయ, శ్రీరామ్ బాజ్‌పేయి లాంటి వాళ్లు సేవా సమితి స్కౌట్స్ మొదలుపెట్టారు. గోపాలకృష్ణయ్య దారి వేరు. రాజుకు విధేయత అన్న మాటే ఆయన దండులో లేదు. ఆయన ఎంచుకున్న ఆదర్శం రాముడికి వారధి కట్టిన వానరసేన. పల్లెటూరి కుర్రాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేని ఆదర్శం అది!

వెయ్యి మంది దాకా చేరిన ఆ దళానికి అసలు పరీక్ష 1921 మార్చి 31న మొదలైంది. బెజవాడలో ఏఐసీసీ సమావేశాలు. గాంధీని చూడ్డానికి జనం బళ్లు కట్టుకుని, రైళ్లెక్కి పోటెత్తారు. చేతిలో అధికారం లేదు, లాఠీ దెబ్బ లేదు. అయినా రామదండు ఆ జనాన్ని సర్దింది. గాంధీ కూడా మెచ్చుకున్నారు.

ఆ వెంటనే చీరాల-పేరాల. రెండు ఊళ్లనూ కలిపి మున్సిపాలిటీ చేయడంతో నేత పని మీద బతికే జనంపై పన్నుల భారం ఒక్కసారిగా పెరిగింది. కట్టం అన్నందుకు కొందరిని జైలుకు పంపారు. వాళ్లలో రావూరి అలమేలమ్మ అనే మహిళ కూడా ఉన్నారు. చివరికి సుమారు 15 వేల జనాభాలో 13 వేల మందికి పైగా ఊరు ఖాళీ చేసి, పొలిమేర అవతల రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకున్నారు. ఎండలో, వానలో, చలిలో 11 నెలలు అక్కడే ఉన్నారు. పాకల్లో కాపలా, కొట్లాటలు రాకుండా చూడటం రామదండు పని. ఊరేగింపులో నడవడం ఎవరైనా చేస్తారు. నెలల తరబడి రోజూ అదే చాకిరీ విసుక్కోకుండా చేయడం వేరు. రామదండు గొప్పతనం నాకైతే బెజవాడలో కంటే రామ్‌నగర్‌లోనే ఎక్కువ కనిపిస్తుంది.

కానీ ఓ లోటు కూడా ఉంది. అంతా ఒక్క మనిషి చుట్టూ తిరిగింది. నిధుల కోసం బరంపురం వెళ్లిన గోపాలకృష్ణయ్యను అక్కడే అరెస్టు చేశారు. ఏడాది తిరుచిరాపల్లి జైల్లో ఉండాల్సి వచ్చింది. నాయకుడు లేకపోవడంతో జనం మెల్లగా పాత ఇళ్లకు మళ్లారు. రామదండు కూడా శాశ్వత సంస్థగా నిలబడలేదు. స్కౌటింగ్‌లో ఆరేడుగురు పిల్లలకు ఒక జట్టు, దానికి వాళ్లలోనే ఒక లీడర్ ఉంటాడు. పెద్దాయన లేకపోయినా పని ఆగదు. అప్పటి దేశీయ స్కౌట్ సంఘాలు చేతులు మారుతూ వచ్చి, 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో కలిశాయి.

జైలు నుంచి వచ్చాక గోపాలకృష్ణయ్య స్వరాజ్య పార్టీలో పనిచేశారు. చేతిలో డబ్బు నిలిచేది కాదు. ఆరోగ్యం కూడా దెబ్బతింది. 1928 జూన్ 10న క్షయతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 39 ఏళ్లే. విజయవాడలో కాంగ్రెస్ ఆఫీసుకు ఆంధ్రరత్న భవన్ అని పేరు పెట్టింది ఆయన గుర్తుగానే. 2028 జూన్‌కు ఆయన పోయి నూరేళ్లు నిండుతాయి.