పాఠకుల ముంగిటికి పుస్తకం చేర్చిన పంతులుగారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఈ ప్రాంతపు మహనీయులలో ఒకరిని గురించి నాలుగు మాటలు వ్రాయమని కార్యవర్గం వారు కోరారు. నేను కీర్తిశేషులు కందుకూరి వీరేశలింగం పంతులుగారిని ఎంచుకున్నాను. పంతులుగారి పేరు వినగానే వితంతు వివాహాలు, స్త్రీ విద్య గుర్తుకు వస్తాయి. ఆ సంగతులు మన మనవల పాఠ్యపుస్తకాలలో కూడా ఉన్నాయి గనుక వాటిని క్లుప్తంగానే ముట్టుకుంటాను. ఆయన ఒక నవల వ్రాశారు. దానిని చదివేవారి దగ్గరకు తానే ఎలా చేర్చుకున్నారన్నది నేను చెప్పదలచిన విషయం.

ఈ విషయమే ఎందుకంటే, మన సభ్యులలో పుస్తకాలు వ్రాసినవారు చాలామంది ఉన్నారు. పదవీ విరమణ చేయగానే వచ్చిన సొమ్ములో కొంత తీసి 500 ప్రతులు అచ్చు వేయిస్తారు. ఆవిష్కరణ సభ జరుగుతుంది, శాలువాలు కప్పుతారు. మర్నాటి నుంచి ఆ కట్టలు మంచం కిందకు చేరతాయి. వచ్చినవారికల్లా ఒకటి ఉచితంగా ఇవ్వడమే తప్ప, వెల ఇంత అని చెప్పడానికి నోరు రాదు. పుస్తకం అమ్ముకోవడమంటే సరస్వతిని అమ్ముకోవడమేనన్న భావన మనలో గట్టిగా పాతుకుపోయింది. పోతనగారు భాగవతాన్ని రాజులకు ఇవ్వలేదన్న కథ మనందరికీ తెలిసినదే. మరి రాజులు లేని కాలంలో రచయిత ఎవరిని నమ్ముకోవాలి? ఈ ప్రశ్నకు పంతులుగారి జీవితంలో జవాబు దొరుకుతుంది.

బాల్యం, ఉద్యోగం

వీరేశలింగం గారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించారు. తల్లి పున్నమ్మగారు, తండ్రి సుబ్బరాయుడుగారు. ఆరు నెలల పసివాడుగా ఉన్నప్పుడే మశూచి సోకింది. నాలుగేళ్ళకు తండ్రి పోయారు. పెదతండ్రి వెంకటరత్నం గారి చలవతో చదువు సాగింది. 13వ ఏట బాపమ్మగారితో వివాహమైంది. ఆ బాపమ్మగారే తరువాత రాజ్యలక్ష్మమ్మగారు.

చదువు అయ్యాక ఆయనా మనలాగే ఉద్యోగంలో చేరారు. మొదట కోరంగిలో, తరువాత ధవళేశ్వరంలో పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు. తరువాత రాజమహేంద్రవరం ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులు అయ్యారు. వ్రాసిన పుస్తకాలు, నడిపిన పత్రికలు చాలావరకు ఈ జీతపు ఉద్యోగం చేస్తూ, ఆరోగ్యం అంతంత మాత్రంగా ఉండగా చేసినవేనని మన సభ్యులు గమనించాలి.

కష్టమైన తెలుగు నుంచి తేలిక తెలుగుకు

తొలి రోజులలో పంతులుగారు కూడా పండితులు మెచ్చే పద్ధతిలోనే వ్రాశారు. పెదవులు కలిసే అక్షరం ఒక్కటీ రాకుండా, సంస్కృత పదం లేకుండా, వచనం లేకుండా ఒక నైషధ కావ్యమే రచించారు. ఊళ్ళో పదిమంది పండితులు భేషన్నారు. అయితే పదకొండోవాడు చదవలేడు. చిన్నయసూరిగారి నీతిచంద్రికకు తరువాయిగా వ్రాసిన విగ్రహమూ గట్టి గ్రాంథికమే.

ఆయన గొప్పతనం ఏమిటంటే, ఆ మెప్పు దగ్గర ఆగిపోలేదు. తాను చెప్పదలచిన మాటలు అవసరమైనది పండితులకు కాదని గ్రహించి, భాషను క్రమంగా తేలిక చేసుకున్నారు. పుస్తకం పదిమందికి చేరాలంటే మొదటి మెట్టు ప్రకటన కాదు, భాష. తరువాత చేసిన ప్రయత్నాలన్నీ ఈ మెట్టు మీద నిలబడినవే.

పత్రిక, అచ్చుయంత్రం

1874 అక్టోబరులో వివేకవర్ధని అనే మాసపత్రికను ప్రారంభించారు. ఆ ఏడాదే ధవళేశ్వరంలో బాలికల పాఠశాల కూడా పెట్టారు. ఒక చేత్తో చదివేవారిని తయారు చేస్తూ, రెండో చేత్తో చదవవలసినది తయారు చేశారన్నమాట.

పత్రిక మొదట చెన్నపట్నంలో అచ్చయ్యేది. అప్పటికి మన ఊళ్ళకు రైలు లేదు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద రైలు వంతెన 1900లో గాని రాలేదు. వ్రాత ప్రతి పంపాలన్నా, అచ్చు తప్పులు దిద్దాలన్నా, కట్టలు తెప్పించుకోవాలన్నా ఎంత ఆలస్యమో ఊహించుకోవచ్చు. కాబట్టి 1876లో రాజమహేంద్రవరంలోనే ముద్రాక్షరశాల ఏర్పాటు చేసుకున్నారు. పత్రిక తరువాత పక్షపత్రికగా, వారపత్రికగా మారింది. హాస్యసంజీవని అనే హాస్య పత్రికనూ దానికి జోడించారు.

నేను ఖజానా శాఖలో 30 ఏళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడిని. ఏది చదివినా ముందు జమాఖర్చులే కనబడతాయి. కాగితం, సిరా, అక్షరాలు కూర్చేవారి జీతాలు, తపాలా ఖర్చు ప్రతి నెలా తప్పవు. చందాలు మాత్రం చందాదారుల దయ. ఇది ఆ రోజుల పత్రికలన్నిటికీ ఉన్న జబ్బే. అయినా సొంత అచ్చుయంత్రం వల్ల పంతులుగారికి ఒక గొప్ప లాభం కలిగింది. ఏది అచ్చు వేయాలో, ఏది వేయకూడదో మరొకరిని అడగవలసిన పని లేకపోయింది. కచేరీలలో లంచగొండితనం మీద, వేశ్యాలోలత్వం మీద, మూఢనమ్మకాల మీద ఆయన వ్రాసిన వ్రాతలు ఇంకొకరి ముద్రాక్షరశాలలో అంత ధారాళంగా వెలువడేవి కావు.

నెల నెలా నవల

ఈ వివేకవర్ధనిలోనే 1878 నుంచి రాజశేఖర చరిత్రము భాగాలు భాగాలుగా వెలువడింది. 1880లో పుస్తకంగా వచ్చింది. దీనికే వివేకచంద్రిక అని మరో పేరు. ఆంగ్లంలో గోల్డ్‌స్మిత్ వ్రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ దీనికి ప్రేరణ. అంతకు ముందు 1872లోనే నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారి శ్రీరంగరాజ చరిత్రము వచ్చింది కనుక తొలి తెలుగు నవల ఏదన్న వాదన నేటికీ ఉంది. ఎక్కువమంది చేత చదివించుకున్నది మాత్రం రాజశేఖర చరిత్రమే.

నవలను ఇలా ముక్కలుగా అందించే పద్ధతి అప్పటికి ఇతర చోట్ల ఉన్నదే. ఇంగ్లండులో డికెన్స్ 1836లోనే పిక్విక్ పేపర్స్‌ను నెలకొక భాగంగా విడుదల చేశారు. తరువాత ఊరూరా తిరిగి తన నవలలను సభలలో చదివి వినిపించారు. బెంగాలులో బంకించంద్రులు 1872లో బంగదర్శన్ అనే సొంత పత్రిక పెట్టి అందులో తన నవల నడిపారు. పంతులుగారిదీ అదే దారి. దీని వల్ల ఒకేసారి పెద్ద పుస్తకం కొనే స్తోమతు లేనివాడు కూడా కథ చదవగలడు. ఒక భాగం నచ్చితే రెండో భాగం కోసం తానే ఎదురుచూస్తాడు. పుస్తకం వచ్చేనాటికి పాఠకుడు సిద్ధంగా ఉంటాడు.

కాలమూ కలిసివచ్చింది. మన తపాలా శాఖ వి.పి.పి. పద్ధతిని 1877లో ప్రవేశపెట్టింది. 1879లో కాణీ ఖరీదుకు పోస్టుకార్డు వచ్చింది. 1880లో తపాలా కచేరీలలో మనియార్డరు మొదలైంది. నవల వెలువడిన ఆ మూడేళ్ళలోనే, ఒక పల్లెటూరి మనిషి ఇంటి దగ్గర కూర్చుని పుస్తకం తెప్పించుకోవడానికి కావలసిన ఏర్పాట్లన్నీ అమరాయి. మన తపాలా శాఖ విశ్రాంత మిత్రులు దీనికి గర్వపడవచ్చు.

మన ఊళ్ళ కథ

కథలో రాజశేఖరుడుగారు ధవళేశ్వరంలో ఉండే కలిగిన గృహస్థు. ముఖస్తుతికి లొంగి, బైరాగి బంగారం చేస్తానంటే నమ్మి, ఉన్నదంతా పోగొట్టుకుని, కుటుంబంతో కాశీకి బయలుదేరతారు. దారిలో దొంగలు పడతారు. భీమవరం, పెద్దాపురం చుట్టూ అనేక అగచాట్లు పడి చివరకు ఒడ్డున పడతారు. ఆ భీమవరం మన సామర్లకోట దగ్గరిది. ఆ కథలోని దారినే ఇంకా ఉత్తరానికి వస్తే మా అన్నవరం, తుని తగులుతాయి. రాజులు, రాజకుమార్తెలు, మాయలు ఉన్న కథలే విన్నవారికి తమ గోదావరి, తమ సత్రాలు, తమ ఇంటి అప్పులు అచ్చులో కనబడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. తన ఊరి పేరు చూసుకున్న మనిషి ఆ పుస్తకాన్ని పక్కవాడికి చూపించక మానడు. అంతకు మించిన ప్రచారం లేదు.

మా ఊళ్ళో ఒక సంగతి నిత్యం చూస్తూ ఉంటాను. సత్యదేవుని వ్రతం చేయించుకున్న దంపతులు కథ విని, కొండ దిగేటప్పుడు వ్రతకథ పుస్తకం ఒకటి కొని పట్టుకెళతారు. ముందు విన్నారు, తరువాత కొన్నారు. పంతులుగారు విగ్రహారాధనను ఒప్పుకోని బ్రహ్మసమాజికులు. వారిని ఈ కొండతో పోల్చడం నా ఉద్దేశం కాదు. కథ ముందు చెవిన పడితే పుస్తకం తరువాత చేతికి వస్తుందన్న లోకజ్ఞానం రెండు చోట్లా ఒకటేనని మాత్రం మనవి.

ఈ జ్ఞానంతోనే ఆయన 1880లో తన విద్యార్థులను కూడగట్టుకుని వ్యవహారధర్మబోధిని అనే నాటకం ఆడించారు. న్యాయవాదుల మోసాలు అందులో విషయం. అక్షరం రానివారు కూడా అది చూసి నవ్వుకున్నారు. స్త్రీల కోసం 1883లో సతీహితబోధిని అనే పత్రిక నడిపారు. సత్యవతీ చరిత్రము వంటి కథలు వారిని దృష్టిలో పెట్టుకునే వ్రాశారు.

పొగడ్త, తెగడ్త

హచిన్సన్ అనే ఆంగ్లేయుడు రాజశేఖర చరిత్రమును ఇంగ్లీషులోకి అనువదించగా 1887లో ఫార్చూన్స్ వీల్ అనే పేరుతో లండనులో ప్రచురితమైంది. ఇక్కడ పాఠ్యగ్రంథంగానూ పెట్టారు. మరోపక్క కాకినాడ పండితులు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు ఈ నవల మీద వివేకచంద్రికా విమర్శనము అని ఒక గ్రంథమే వ్రాసి తప్పులెన్నారు. ఆ విమర్శ చదివినవారికి మూలం చూడాలన్న కుతూహలం పుట్టకుండా ఉంటుందా?

కాని ఆయనకు ఎదురైన కష్టం సాహిత్య విమర్శతో పోయేది కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. వెలివేశారు. వంటవారు, నీళ్ళు తెచ్చేవారు రాకపోతే రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్ళు మోసి పెళ్ళివారికి వంట చేశారు. ఇంటి గుమ్మం తొక్కడానికి భయపడే రోజులలో ఆ ఇంటాయన వ్రాసిన పుస్తకం కొనడానికి కూడా ధైర్యం కావాలి. మెత్తగా వ్రాసి, నోరు మూసుకుని ఉంటే ఆయన పుస్తకాలు నిశ్చింతగా అమ్ముడుపోయేవి. ఆ దారి ఆయన పట్టలేదు. అమ్మకం కోసం మాట మార్చుకోలేదు, మాట కోసం అమ్మకం మానుకోనూ లేదు.

ఇతరుల నవలలకు చోటు

తన పుస్తకాలు వెలిగితే చాలుననుకోలేదు. 1891లో మొదలైన చింతామణి పత్రిక నవలల పోటీలు పెట్టి బహుమతులిచ్చింది. న్యాపతి సుబ్బారావు పంతులుగారు ఆ పత్రికకు అండ. మా కొండ మీద స్వామివారి ఆలయం వెలసిన సంవత్సరమూ అదే. ఖండవల్లి రామచంద్రుడుగారు, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు ఆ పోటీల వల్లనే నవలాకర్తలుగా పేరు పొందారు. చిలకమర్తి వారి రామచంద్ర విజయము, హేమలత, అహల్యాబాయి అక్కడ బహుమతులు పొందినవే. తరువాత చిలకమర్తి వారు మనోరమ పత్రిక నడిపారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ప్రబుద్ధాంధ్ర నడిపారు. రచయితే పత్రిక నడుపుకుని పాఠకులను సంపాదించుకోవడం మన గోదావరి తీరంలో ఒక ఆనవాయితీ అయింది.

సంపాదన ఎటు పోయింది?

జమా అంతా చూశాక ఖర్చు పద్దు కూడా చూడాలి గదా. ఆయన 1899 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా ఉండి 1904లో విరమించారు. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి, ఇల్లు, తోట, ముద్రాక్షరశాల, గ్రంథాల హక్కులతో సహా తన ఆస్తినంతా ఆ సమాజానికి వ్రాసి ఇచ్చారు. పిల్లలు లేరు. 1910లో ధర్మపత్ని గతించారు. 1919 మే 27న మద్రాసులో ఆయన కన్నుమూశారు. అమ్మిన పుస్తకాల సొమ్ము పాఠశాలకు, వితంతు శరణాలయానికి చేరింది. సరస్వతిని అమ్ముకున్నారని ఆయనను ఎవరు అనగలరు?

మన రచయిత మిత్రులకు నా మనవి ఇది. చదివేవాడికి అర్థమయ్యేలా వ్రాయండి. మొత్తం పుస్తకం అచ్చు వేసే ముందు ఒక భాగం మన సంచికలోనో, గ్రంథాలయంలో నలుగురి మధ్యనో చదివి వినిపించండి. ముఖాలు చూస్తే ఎక్కడ విసుగు పుట్టిందో తెలుస్తుంది. వెల తక్కువ పెట్టండి గాని ఉచితంగా ఇవ్వకండి. 50 రూపాయలు పెట్టి కొన్నవాడు నాలుగు పుటలైనా చదువుతాడు. సాటి రచయిత పుస్తకం కూడా ఒకటి కొనండి. ఇవేవీ సిగ్గుపడవలసిన పనులు కావు. తోటి ఉద్యోగిగా మన కంటే ఎన్నో రెట్లు పని చేసిన ఒక తెలుగు పండితుడు వీటినన్నిటినీ 140 ఏళ్ళ క్రితమే తలెత్తుకుని చేసి చూపించారు.

వచ్చే సర్వసభ్య సమావేశం నాడు భోజనాల శాల పక్కన ఒక బల్ల వేసి మన సభ్యుల పుస్తకాలు వెల చీటీతో పెట్టడానికి కార్యవర్గం వారు అనుమతించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.

— ఒక విశ్రాంత గుమాస్తా, అన్నవరం